ఎర్రగడ్డ సారు

కోటు ముందు వచ్చింది. కబురు దాని వెనక వచ్చింది.

ప్రార్థనామందిరంలో గంట కొట్టే ఏసుపాదం ఒక నల్లకోటును చంకలో పెట్టుకుని వచ్చి నా కుట్టుమిషను మీద పరిచాడు. "జేబులు రెండూ చినిగిపొయ్యుండాయి. పొద్దుగూకే లోపల కుట్టియ్యప్పా. పెట్టెలో పెట్టేటప్పుడు మనిషి బాగుండాల గదా" అన్నాడు. కోటు చూడగానే ఎవరిదో తెలిసింది. పెట్టె అన్నాక ఆయన లేడని తెలిసింది.

సూది పెట్టే ముందు జేబులు ఖాళీ చేయడం మా వృత్తిలో అలవాటు. కుడిజేబులో చెయ్యి పెడితే ఎర్రగడ్డ పొట్టు వచ్చింది, ఎండి గలగలమంటూ. ఎడమజేబులో మట్టి. జేబు మూలల్లో చేరే దుమ్ము లాంటిది కాదు. జల్లెడ పట్టినట్టు మెత్తని ఎర్రమట్టి, పిడికెడు.

"ముసలాయనకు కడాకు మతి పొయ్యుండాది. మన్ను మోసుకోని తిరుగుతారా యాడన్నా? దులిపెయ్యి" అన్నాడు ఏసుపాదం.

పొట్టు దులిపాను. మట్టిని పేలికలో పోసి పక్కన పెట్టుకున్నాను. జేబు కుట్టడం అయ్యాక మళ్లీ అందులోనే పోశాను. ఏసుపాదం నన్ను కూడా మతి పోయినవాణ్ని చూసినట్టు చూశాడు.

మా పాకాల చుట్టుపక్కల ఆయన్ను అసలు పేరుతో పిలిచినవాళ్లను నేను ఎరగను. క్రైస్తవ మిషను బళ్లలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ప్రార్థనామందిరం వెనక ఒంటిగదిలో ఉండేవాడు. జేబులో ఎప్పుడూ రెండు మూడు ఉల్లిగడ్డలు ఉండేవి, మా వైపు వాటిని ఎర్రగడ్డలంటాం కాబట్టి ఎర్రగడ్డ సారు. ఆ పేరు తెలిసినా కోప్పడేవాడు కాదు. కోప్పడడానికి ఆయనకు వేరే కారణాలు చాలా ఉండేవి: బడి మానేసిన పిల్లలు, పిల్లల్ని మాన్పించిన తండ్రులు, వంకరగా గీసిన గీత, పత్రికను మడిచి విసనకర్ర చేసుకునేవాళ్లు. తన దగ్గర చదువుకుని మీసాలు నెరిసినవాణ్ని కూడా సంతలో ఆపి నెత్తిన మొట్టేవాడు. 

దేన్నయినా ముందు ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆయనకు అలవాటు. పత్రిక ఇస్తే వాసన చూసి చదివేవాడు. కాఫీని వాసన చూసి, లోటాను వాసన చూసి, అప్పుడు తాగేవాడు. ఆయన ముక్కు కూడా అందుకు తగినట్టే ఉండేది, ముఖంలో మిగతావన్నీ దానికి చోటిచ్చి పక్కకు జరిగినట్టు. ఇంకొకటి, బొగ్గు. ఎక్కడ సున్నం కొట్టిన గోడ కనిపించినా బొగ్గుముక్క తీసి ఒక పూవు గీసేవాడు. గీయడం అవగానే చేతులు కడుక్కునేవాడు. ఆయన జీవితంలో చేతులు కడుక్కున్నన్ని సార్లు మేము నీళ్లు తాగి ఉండము. ఈ సంగతి అప్పట్లో నవ్వుకోవడానికి తప్ప మరి దేనికీ పనికొస్తుందని అనుకోలేదు.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత వచ్చిందంతా స్టేషను వెనకున్న పఠనమందిరం పెట్టింది. యుద్ధం నడుస్తున్న రోజులు. గుడ్డకు కంట్రోలు వచ్చి కుట్టడానికి పని లేదు. మిషను మీద గుడ్డ కప్పేసి పఠనమందిరానికి పోయేవాణ్ని. అక్కడి బీరువాలోని పుస్తకాలను పై అర మొదలుకొని కింది అర దాకా వరసగా చదివి తీరాలని పట్టుపట్టాను. చరిత్ర అయింది, వేదాంతం అయింది, పశువైద్యం అయింది. వృక్షశాస్త్రం దగ్గరికి వచ్చాను. ఏది చదివినా పక్కనున్నవాళ్లకు చెప్పకుండా ఉండలేను. ఆ రోజు కూడా, ఉల్లి జాతిలో పూలన్నీ కాడ చివర ఒకే చోటి నుంచి గొడుగు కమ్మీల్లాగా పుడతాయని బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ వివరిస్తున్నాను.

"ఏమప్పా లైబ్రరీ" అన్నాడాయన వెనకనుంచి. ఆ రోజు పెట్టిన పేరు, చివరిదాకా అట్లాగే పిలిచాడు.

నా పుస్తకం మీద రెండు పూకాడలు పడేశాడు. ఒకటి తోటలో ఎర్రగడ్డ పూసిన తెల్లని బంతి. ఇంకొకటి బారెడు పొడవున్న బోడికాడ, దానికి దూరం దూరంగా వేలాడుతూ మట్టిరంగు గంటల్లాంటి పూలు.

"యాది ఎర్రగడ్డ?"

గొడుగున్నది చూపించాను.

"ఇంగొకటి?"

"నక్కవుల్లి సార్. అడవిది. విషం. గొడుగు లేదు, కాడ పొడుగునా పూలున్నాయి."

"భేష్. మరి దీని సంగతేంది?" అని కోటులోంచి మూడో పూవు తీశాడు. కాలవగట్టున పూచే విషముంగలి. పొడుగాటి తెల్లని రేకులు. పూలన్నీ ఒకే చోటి నుంచి, చక్కగా గొడుగులాగా.

నేను తడబడకుండా, "ఇది కూడా ఎర్రగడ్డ జాతే" అన్నాను.

"అయితే పొయ్యి, దీని గడ్డ పులుసు చేయించుకోని తిను. రేపు నీ శవం మింద గొడుగు నేను పడతా." బల్ల చుట్టూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నా మెడ వంచి పూవు దగ్గర పెట్టాడు. "నలిపి వాసన సూడు. ఎర్రగడ్డ వాసన ఉండాదా? లేదు. గొడుగూ ఉండాల, వాసనా ఉండాల. రెండూ ఉంటేనే అది మన ఎర్రగడ్డకు చుట్టం."

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. గబగబా పేజీ తిప్పాను. ఆ మాట పుస్తకంలోనూ ఉంది. "ఇదిగో సార్, తర్వాతి పేజీలో ఉంది. నేనింకా అక్కడికి రాలేదు."

"ఆకలైనోడు తర్వాతి పేజీ దాకా ఉంటాడా అప్పా?" అన్నాడు.

ఆ మాట ఆయన అన్నది నన్ను ఏడిపించడానికే.

అప్పటినుంచి మేమిద్దరం గడ్డల కోసం కొండవైపు తిరిగేవాళ్లం. నాకు పుస్తకం చేతిలో ఉండాలి, ఆయనకు పూవు చేతిలో ఉండాలి. ఆకు బోలుగా గొట్టంలా ఉందా, రిబ్బనులా చదునుగా ఉందా చూడమనేవాడు. నక్కవుల్లి మీద ఆయనకు పగ లాంటిది ఉండేది. ఎండాకాలంలో ఆకు లేకుండా పూస్తుంది. వానకు పూవు లేకుండా ఆకు వేస్తుంది. "ఆకూ పూవూ ఒకేసారి సూపించదు ఈ దొంగముండ. పూవు సూసినోడికి ఆకు తెలీదు, ఆకు సూసినోడికి పూవు తెలీదు. అందుకే ఆకును నమ్మొద్దు, గడ్డను నమ్మొద్దు. పూవును అడుగు. పూవు అబద్ధం చెప్పదు." ఇది ఎన్నిసార్లు అన్నాడో. నా అంగడి తలుపు మీద బొగ్గుతో ఎర్రగడ్డ పూగొడుగు గీసి, కింద 'పూవును అడుగు' అని రాశాడు. గుడ్డలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఇది పూల అంగడా అని అడిగేవాళ్లు.

బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. మా దిక్కున వానలు కూడా మొహం చాటేశాయి. రేషను అంగడి ముందు జనం, అంగడిలో ఖాళీ గోతాలు. కొండ కింది పల్లెల్లో బావులు ఎండాయి. ఎర్రగడ్డ వేసిన తోటలను నీళ్లు లేక అట్లాగే వదిలేశారు. ఆకులు మాడి రాలిపోయాయి గానీ భూమిలో ఉసిరికాయంత గడ్డలు అక్కడక్కడా మిగిలాయి. రాగులు కూడా దొరకని ఇళ్లవాళ్లు గడ్డపారలు పట్టుకుని ఆ తోటల్లో పడ్డారు. చిక్కేమిటంటే, బీడు పడిన ఆ తోటల గట్ల మీదా చాళ్లలోనూ నక్కవుల్లి కూడా ఉంది. చిన్నగడ్డలు పూయవు. ఆకు లేదు. పైపొర ఊడిపోయి మట్టి పట్టిన గడ్డను గడ్డ పక్కన పెడితే ఏదేదో చెప్పడం కష్టం. ఒక పల్లెలో ఒక ముసలాయన తిని, రోజంతా కక్కి, నాడి నెమ్మదించి పోయాడు.

ఆ కబురు విన్నాక సారు పఠనమందిరానికి రావడం మానేశాడు. కొన్నాళ్లకు వచ్చి నా మిషను పక్కన కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది.

"ఆకలి పూవు కోసరం కాచుకుంటాదా లైబ్రరీ?" అన్నాడు.

"కాచుకోదు సార్."

"వాళ్ల కాడ పూవు లేదు. ఆకు లేదు. ఏముండాది?"

"గడ్డ ఉంది."

"ముక్కుండాది. ఇను." గొంతు సవరించుకుని, బడిలో ఎక్కాలు చెప్పించినట్టు చేత్తో తాళం వేస్తూ అన్నాడు:

"గిచ్చి చూడు, గిచ్చి చూడు,
వాసనొస్తే కూర, రాకుంటే గోరి!"

గోరి అంటే మా వైపు సమాధి.  "మరి పూవు సార్?" అని అడిగాను. పూవు లేకుండా ఆయన ఏదయినా చెప్పగా వినడం అదే మొదలు.

"పూవును పక్కన పెట్టు. పొట్టలు నిండినాక పూవు సంగతి సూసుకుందాం."

ఆ ఎండాకాలమంతా నడిచాడు. పల్లె పల్లెకూ పోయి పిల్లల్ని నిలబెట్టి పాడించాడు. పాకాల సంతలో బండెక్కి, ఒక్కో చేతిలో ఒక్కో గడ్డ పట్టుకుని గిచ్చి, జనం ముక్కుల దగ్గర పెట్టాడు. 'వాసనొస్తే కూర' అని ఆయన అంటే 'రాకుంటే గోరి' అని సంతంతా అరిచేది. దాసరులు పాడుకున్నారు. కాణిపాకం తిరనాళ్లకు పోయివచ్చినవాళ్లు అక్కడ కూడా విన్నామన్నారు. నిజం చెప్పాలి, ఆ మాట పనిచేసింది. ఆ వేసవిలో మళ్లీ ఎవరూ గడ్డ తిని పోలేదు. సారు మీసం మెలి తిప్పడం మొదలుపెట్టాడు. పల్లెల్లో ఆడవాళ్లు, "మా సారు మాటతోనే పిలకాయలు బతికినారు" అంటుంటే వినబడనట్టు నటించి, రెండోసారి అనిపించుకునేవాడు.

మరుసటి వేసవికి కూడా వాన లేదు. ఒక మధ్యాహ్నం కొండ కింది పల్లె నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మునెమ్మ అనే కూలిమనిషి ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. కూతురు, కొడుకు. గడ్డల పులుసు తిన్నారు. మొగుడు కోలారు గనుల్లో ఉన్నాడు. ఆమె తినలేదు, పిల్లలకు మిగలదని.

ఇద్దరం ఎండలో నడిచి పోయాం. దారిలో ఆయన ఒకటే మాట అంటున్నాడు. "వాసన సూసుండదు. సూసుంటే తెలిసుండేది. సూసుండదు."

పిల్లల్ని అప్పటికే పూడ్చేశారు. మునెమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. వాకిట్లో ఊరంతా ఉంది. మునసబు మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. "మీరేం బాధపడొద్దు సారూ. మీ మాటలో తప్పేమీ లేదు. ఈ యమ్మి ఒళ్లు తెలీకుండా ఉడకేసింది. ఊరంతా తిన్నారు గదా, ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"అమ్మ గాదు, రాకాసి" అన్నారెవరో ఆడవాళ్లలో.

సారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, గిచ్చి సూడలేదా?"

ఆమె తలెత్తింది. ఏడుపు అయిపోయిన ముఖం. "సూసినాను సారూ."

"అన్నీనా?"

"ఒక్కొక్కటే సూసినాను. ఈడే కూసోని, గోరుతో గిచ్చి, ముక్కు కాడ పెట్టుకోని సూసినాను. అన్నీ ఎర్రగడ్డ వాసనే వచ్చినాయి. ఒక్కటి గూడా రానిది లేదు."

"అబద్ధం" అన్నాడు మునసబు.

"నువ్వుండప్పా." సారు గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "ముందు యాది గిచ్చినావమ్మా?"

"ఎర్రగడ్డలే సారూ. బాగా తెలిసినవి ముందు తీసినాను. అనుమానంగా ఉండేవి కడాకు పెట్టుకున్యాను, బాగా సూడాలని."

"నడుమ చేతులు కడుక్కున్యావా?"

ఆమె ఆయన్ను వింతగా చూసింది. వాకిట్లో కొందరు కూడా. ఆ ఊళ్లో నీళ్లు మైలున్నర అవతల బావి నుంచి వస్తున్నాయి. తాగడానికి కడవ నిండడమే గగనం. "నీళ్లు యాడుండాయి సారూ?"

అప్పుడు ఆయన ఒక పని చేశాడు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని వేళ్లను తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పరాయి ఆడమనిషి చెయ్యి, ఊరందరి ముందు. వాకిలి గుసగుసలాడింది. ఆయన కళ్లు మూసుకుని, కాఫీని, పత్రికను చూసినట్టే ఆ వేళ్ల వాసన చూశాడు. తర్వాత నేల మీదనుంచి గులకరాయి ఒకటి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"దీన్ని నలిపినట్టు నలిపి, ముక్కు కాడ పెట్టుకో."

మునెమ్మ పెట్టుకుంది. "ఎర్రగడ్డ వాసన సారూ" అంది.

రాయికి ఎర్రగడ్డ వాసన.  మూలన మిగిలి ఉన్న గడ్డలు రెండు ఆయన తీసుకున్నాడు. గిచ్చి, తను వాసన చూసి, నాకిచ్చాడు. ఏ వాసనా లేదు. పచ్చి ఆకు నలిపినట్టు, అంతే. గిచ్చిన చోట జిగురు తగిలి వేలు దురద పెట్టింది. నక్కవుల్లి.

ఆయన నేలమీద చతికిలబడ్డాడు. "ఈ యమ్మిది తప్పు గాదు. నాది. నేను బొగ్గు పట్టుకునేవాణ్ని. గడియగడియకూ చేతులు కడుక్కుంటాను. అందరి చేతులూ అట్లే ఉంటాయనుకున్యాను. ఎర్రగడ్డ గిచ్చిన చెయ్యి రాయిని గూడా ఎర్రగడ్డ అంటాది. ఈ సంగతి మీకు చెప్పలేదు. నాకే తట్టలేదు."

"మీరట్లా అనగూడదు సారూ" అన్నాడు మునసబు, లేపబోతూ. "పెద్దమనసుతో ఆ యమ్మి తప్పు మీ మింద ఏసుకుంటాండారు. ఊరికి తెలీదా ఏంది?"

ఆ వాకిట్లో ఆయన మాట నమ్మినవాళ్లు ఇద్దరం, మునెమ్మా నేనూ. 

తర్వాతి రోజుల గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. ఆయన చేయాలనుకున్నవి రెండే పనులు. మునెమ్మ మీద పడ్డ మాట తుడవాలి. తను వదిలిన మాటకు తోక తగిలించాలి: గడ్డకూ గడ్డకూ మధ్య చేతులు పొడిమట్టితో బాగా రుద్దుకోవాలి, ఒట్టి చేతుల వాసన చూసుకుని ఏమీ లేదనుకున్నాకే రెండో గడ్డ గిచ్చాలి. నీళ్లు లేని ఊళ్లకు మట్టే దిక్కు. ఆయన ఎర్రగడ్డ గిచ్చిన చెయ్యిని మట్టితో రుద్ది రుద్ది, వాసన పోయేదాకా ఎంతసేపు పడుతుందో నా అంగడి మెట్ల మీద కూర్చుని చూశాడు. చర్మం ఎర్రబడింది. ఎడమజేబుకు లోపల గట్టిగుడ్డ వేసి కుట్టమన్నాడు, మట్టి కారకుండా. కుట్టాను.

కానీ దాన్ని పాటగా కట్టడం కుదరలేదు. పఠనమందిరంలో ఛందస్సు పుస్తకం కూడా చదివేశాను కనక ఆ పని నా మీద వేసుకున్నాను. 'హస్తశుద్ధి లేని ఆఘ్రాణమది వ్యర్థ' అని ఆటవెలదిలో ఎత్తుకున్నాను.

"హస్తశుద్ధి!" అన్నాడు. "ఆకలితో సచ్చేదానికి వచ్చినోడికి హస్తశుద్ధా? నీ లైబ్రరీ తగలెయ్య."

తనే కట్టి చూశాడు. 'మట్టి రుద్దు, మళ్లీ గిచ్చు' అన్నాడు. మర్నాడు అది మార్చాడు. కూరా గోరీ లాగా ఏదీ నాలుక మీద నిలవలేదు. సంతలో మళ్లీ బండెక్కాడు. గడ్డ గిచ్చి, రాయి పట్టుకుని, వివరంగా చెప్పబోయాడు. ఆయన నోరు తెరిచీ తెరవకముందే పిల్లలు 'వాసనొస్తే కూర!' అని అందుకున్నారు. సంతంతా 'రాకుంటే గోరి!' అంది, ఆయన్ను సంతోషపెట్టడానికే. "కాదు, ఇనండి, అది సాలదు" అని చేతులు ఊపుతున్నాడు. చేతులు ఊపితే ఇంకా గట్టిగా పాడమన్నాడని అనుకున్నారు. ఆయన బండి దిగి వచ్చేదాకా పాడుతూనే ఉన్నారు.

కోలారు నుంచి మునెమ్మ మొగుడు వచ్చాడు. ఊరు చెప్పింది విన్నాడు. రెండోనాడే తిరుగుబండికి పాకాల స్టేషనులో కూర్చున్నాడు. సారు నన్ను వెంటబెట్టుకుని ప్లాట్‌ఫారం మీదకు పోయి, ఆ మనిషి ముందు నిలబడి అంతా చెప్పాడు. రాయి కూడా చూపించాడు. ఆ మనిషి మర్యాదగా లేచి నిలబడి విన్నాడు. విని, "మీరు దొడ్డవాళ్లు సారూ" అన్నాడు. "ఊరంతా ఒకటే మాట చెప్తా ఉంటే, ఊరంతా అబద్ధమంటారా?" బండి వచ్చింది. ఎక్కి కూర్చుని ముఖం అవతలికి తిప్పుకున్నాడు. ఆ తర్వాత అతను ఆ ఊరికి రాలేదని విన్నాను.

ప్లాట్‌ఫారం నుంచి నేరుగా నా అంగడికి వచ్చి, తడిగుడ్డ అడిగి, తలుపు మీది పూవును తుడిచేశాడు. మళ్లీ ఎక్కడా పూవు గీయలేదు. వాసన చూడడం కూడా మానేశాడు. కాఫీ ఇస్తే అట్లాగే తాగేవాడు. నాతో కొండకు రాలేదు. పల్లెలకు మాత్రం పోతూనే ఉండేవాడు, ఎడమజేబులో మట్టితో. దారిలో ఎవరు కనపడినా ఆపి, చేతులు రుద్దుకుని చూపించేవాడు. పనుండి పోయేవాళ్లు, "తెలుసు సారూ, గిచ్చి సూడాల, అంతే గదా" అని తప్పుకునేవాళ్లు. ఆయన తీరు చూసి నాకే ఒక్కోసారి విసుగొచ్చేది. "వాన పడింది సార్, ఇప్పుడెవరు తవ్వుతున్నారు?" అన్నానొకసారి. "ఆకలి పొయ్యుండాది. పాట పోలేదు గదప్పా. మళ్లా ఆకలొచ్చేటప్పటికి పాట కాచుకోనుంటాది" అన్నాడు.

అది నిజం. యుద్ధం అయిపోయింది, తెల్లవాళ్లు కూడా పోయారు. పాట పోలేదు. హోటళ్లలో సాంబారు పల్చగా ఉంటే ఆ మాట అని నవ్వుకుంటారు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరో అన్నారట.

కోటు కుట్టి ఏసుపాదానికి ఇచ్చి, నేను కూడా వెనకే పోయాను. జనం బాగా వచ్చారు. పల్లెల నుంచి, అన్ని కులాలవాళ్లూ వచ్చారు. మునసబు కూడా వచ్చాడు. పెట్టెలో కోటు తొడుక్కుని పడుకున్నాడాయన. మీసం ఎవరో దువ్వారు. పాదిరి చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. ప్రార్థన అయ్యాక, కరువులో ఎందరో బిడ్డల్ని బతికించిన ఉపాధ్యాయుడు అని చెప్పి, సారు పాటలోని ఆ రెండు ముక్కలూ అన్నాడు. ఆయన పూర్తి చేయకముందే జనం అందుకున్నారు. గొయ్యి చుట్టూ, ఆమెన్ అన్నట్టు మెల్లగా, అందరూ ఒకే గొంతుతో. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

మునెమ్మ కంచె దగ్గర దూరంగా నిలబడి ఉండడం అప్పుడు చూశాను. నడుము బాగా వంగిపోయింది. ఆమెకు రెండు పక్కలా ఎవరూ లేరు. ఊరిలో ఇప్పటికీ అంతే.

ఒక్కొక్కరే వచ్చి పిడికెడు మట్టి వేస్తున్నారు. అందరూ అయ్యాక ఆమె వచ్చింది. జనం దారి ఇచ్చారు, అవసరానికి మించి వెడల్పుగా. వంగి మట్టి తీసుకుని గోతిలో వేసింది. మళ్లీ వంగి ఇంకో పిడికెడు తీసుకుంది. దాన్ని వేయలేదు. అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుకుంది. వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ, చేతుల వెనక, తీరిగ్గా, ఒక పనిలాగా. మట్టి రాలిపోయాక రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏందిమే అది? ఏం చేస్తాండావు ఈడ?" అంది ముందువరసలో ఒక ముసలామె.

మునెమ్మ ఆమెను చూసింది. తర్వాత గొయ్యి చుట్టూ ఉన్న అందరినీ చూసింది.

"గడ్డకూ గడ్డకూ నడుమ ఇట్లా రుద్దుకోమని సారు చెప్పినాడు గదా" అంది. "మీకు చెప్పలేదా?"